42 డిగ్రీల ఊళ్లో ఎర్ర బర్గండీ: దాచే పద్ధతి, తాగే పద్ధతి

పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి ఎందుకు పులుస్తుందో వరంగల్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. లొట్టి దించగానే చెట్టు కింద తాగితే ఒక రుచి. అదే లొట్టి బండి మీద ఎండలో పది కిలోమీటర్లు పోయాక ఇంకో రుచి. ఫ్రాన్స్‌లోని బర్గండీ నుంచి వచ్చే ఎర్ర వైన్ విషయంలోనూ ముందు పట్టుకోవాల్సిన సంగతి ఇదే. కల్లులో పని చేసేవి ఈస్టు, బ్యాక్టీరియా. సీసాలో పని చేసేది రసాయన మార్పు. అన్నిటినీ పరుగెత్తించేది మాత్రం వేడి. చల్లని చోట ఇరవై ఏళ్లు నిలిచే సీసా, హన్మకొండలో మే నెలలో సజ్జ మీద రెండు వారాలు పడి ఉంటే పనికిరాకుండా పోతుంది. కింద చెప్పేదంతా ఆ వేడి నుంచి దాన్ని కాపాడి, సరైన చల్లదనంలో గ్లాసులోకి తేవడం ఎలాగన్నదే.

సీసాలో ఉన్నదేమిటి

ఎర్ర బర్గండీ మేలు రకాలన్నీ పినో న్వార్ అనే ఒకే ద్రాక్షతో చేస్తారు. ఆ ద్రాక్ష తొక్క పలుచన. అందుకే రంగు లేతగా, వగరు తక్కువగా, పులుపు చురుగ్గా ఉంటుంది. గ్లాసు వెనక వేలు పెడితే కనిపిస్తుంది. చిక్కటి రంగు లేదని నాసిరకం అనుకోవద్దు. ఆ లేత రంగు దాని జాతి లక్షణం.

పేరున్న వైన్లు దిజోఁ పట్టణం నుంచి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్లు సాగే కోత్ దోర్ అనే సన్నటి కొండవాలు మీద పుడతాయి. ఉత్తర భాగం కోత్ ద న్వీ: జెవ్రే-షాంబెర్తాఁ, షాంబోల్-ముసిన్యీ, వోన్-రొమానే, న్వీ-సాఁ-జోర్జ్ గ్రామాలు అక్కడివి. దక్షిణ భాగం కోత్ ద బోన్: పొమార్, వొల్నే, బోన్ అటువైపు. ఇంకా దక్షిణానికి పోతే మెర్క్యూరే, జివ్రీ వస్తాయి. మొదటిసారి కొనేవాళ్లు ఈ రెండింటితో మొదలుపెడితే చేతికి చమురు తక్కువ వదులుతుంది.

నేల సున్నపురాయి, బంకమట్టి కలిసినది. మన దగ్గర చెరువు కింది మడికి విలువ ఎక్కువ. అక్కడ తిరగబడి ఉంటుంది. నీరు నిలిచే దిగువ నేల ద్రాక్షకు పనికిరాదు. వాలు నడుమ, తూర్పు ఎండ తగులుతూ నీరు జారిపోయే నేలకే పెద్ద పేరు. అందుకే అక్కడ పొలం పొలానికీ ఒక పేరు, పేరుకో ధర. అలా హద్దులు గీసి పేరు పెట్టిన ముక్కను క్లిమా అంటారు. ఈ క్లిమాలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

లేబుల్ చదవడానికి నాలుగు మెట్లు గుర్తుంటే చాలు. ఉత్త బూర్గోఞ్ (బర్గండీకి ఫ్రెంచి పేరు) అని ఉంటే అది ప్రాంతపు వైన్. ఊరి పేరు మాత్రమే ఉంటే గ్రామ స్థాయి. ఊరి పేరు పక్కన ప్రీమియే క్రూ అని ఉంటే దానికి పై మెట్టు. అన్నిటికన్నా పైన గ్రాఁ క్రూ. అక్కడ ఊరి పేరు ఉండదు, పొలం పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇలాంటివి కోత్ దోర్ వాలు మీద, ఎరుపు తెలుపు కలిపి, 32. బర్గండీ మొత్తానికి 33. ఇక్కడే చాలామంది పొరబడతారు: జెవ్రే అనే ఊరు 1847లో తన దగ్గరున్న షాంబెర్తాఁ పొలం పేరును తన పేరుకు తగిలించుకుంది. కాబట్టి లేబుల్ మీద జెవ్రే-షాంబెర్తాఁ అని ఉంటే అది గ్రామ స్థాయి, షాంబెర్తాఁ అని మాత్రమే ఉంటే గ్రాఁ క్రూ. రెండింటి ధరకూ పొంతనే ఉండదు.

పొలం పేరు కన్నా చేసినవాళ్ల పేరు ముఖ్యం. క్లో ద వూజో అనే గ్రాఁ క్రూ 50 హెక్టార్ల పొలం, దాన్ని పంచుకున్న యజమానులు 80 మంది దాకా ఉన్నారు. ఫ్రాన్స్‌లోనూ ఆస్తి పిల్లలందరికీ వాటాలుగా పోతుంది. ఒకే సర్వే నంబరులో అన్నదమ్ములు పంచుకున్న చెల్కలో ఒకరి పంట పండి, పక్కవాడిది ఎండినట్టే అక్కడా జరుగుతుంది. మంచి చేతి గ్రామ స్థాయి సీసా, అజాగ్రత్తగా చేసిన గ్రాఁ క్రూ కన్నా మేలు. డబ్బు పెట్టేది మీరు కాబట్టి ఇది మనసులో ఉంచుకోండి.

ఇంటికి చేరేదాకా

మన ఊళ్లల్లో బోర్డు మీద ‘వైన్స్’ అని ఉన్నా లోపల వైన్ దొరకడం అరుదు. ఎర్ర బర్గండీ సాధారణంగా హైదరాబాద్‌లోని పెద్ద దుకాణాల నుంచో, విదేశాల నుంచి వచ్చే పిల్లల పెట్టెలోంచో వస్తుంది. విమానంలో వచ్చేవాళ్లకు మనిషికి 2 లీటర్ల వరకే సుంకం లేదు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు తెస్తే లీటరున్నర. మూడోది చేరిస్తే 2.25 లీటర్లు, అంటే హద్దు దాటినట్టే. విమానాశ్రయంలో కస్టమ్స్ ఎర్రచానెల్‌లో చెప్పి సుంకం కట్టాలి. తెలంగాణలో 21 ఏళ్లు నిండినవాళ్లకే మద్యం అమ్ముతారు. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చన్నదానికీ నిబంధన ఉంటుంది. పెద్ద సంఖ్యలో కూడబెట్టే ముందు దగ్గరి ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి, బిల్లులు దాచిపెట్టండి.

దుకాణంలో సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు మూడు చోట్ల చూడాలి. ఒకటి, మెడ. చిన్న వయసు వైన్ కార్కు అంచుకు వేలెడు దూరంలోపే నిండి ఉండాలి. ఐదేళ్ల సీసాలోనే మట్టం రెండు వేళ్లకు మించి దిగిందంటే ఎక్కడో కారింది, లేదా ఆవిరైంది. రెండు, రేకు మూత. దాన్ని వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే మంచిది. అతుక్కుపోయి, అంచు దగ్గర బంకగా ఎర్రటి చార ఉంటే వేడికి కార్కు పక్కనుంచి వైన్ పైకి వచ్చిందని అర్థం. మూడు, కార్కు. రేకు మీద బొటనవేలు పెడితే కింద ఉబ్బెత్తుగా తగలకూడదు. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు పోతే ఒక సీసాలోని వైన్ ఐదారు మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. లోపల ఖాళీ అంతంతే. ఇక కార్కునే తోస్తుంది. మళ్లీ చల్లబడగానే అదే దారిన గాలి లోపలికి పోతుంది. పాడయ్యేది అప్పుడే.

దారి కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ నుంచి మనదాకా కారులో మూడు గంటలు. ఎండకాలంలో ఆపిన కారు డిక్కీ బయటి గాలి కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. సీసా ఎప్పుడూ ఏసీ ఉన్న లోపలి భాగంలోనే, సీటు కింద, తువ్వాలు చుట్టి పెట్టండి. మధ్యలో భోజనానికి ఆగితే దాన్ని సంచిలో పట్టుకుని దిగండి. మార్చి నుంచి జూన్ దాకా తెప్పించకపోవడమే మంచిది. కొనడానికి నవంబరు, డిసెంబరు, జనవరి సరైన నెలలు. ఇల్లు చేరాక రెండు వారాలు కదపకుండా ఉంచాలి. అడుగున మడ్డి ఉన్న పాత సీసా అయితే నెల.

ఎక్కడ దాచాలి

కావలసిన లెక్క: 12 నుంచి 14 డిగ్రీలు, గాలిలో తేమ 60 నుంచి 75 శాతం, చీకటి, కదలిక లేకపోవడం. వీటిలో మొదటిదే ప్రాణం.

చాలామందికి వచ్చే మొదటి ఆలోచన భూమిలో అర్ర తవ్వడం. మన పెద్దలు జొన్నలు పాతరలో దాచినట్టు వైన్ కూడా దాచవచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రత దగ్గర నిలబడుతుంది. బర్గండీలో ఆ సగటు 11, 12 డిగ్రీలు. అందుకే అక్కడ ఇంటి కింద గుంట తవ్వితే చాలు, నేల తల్లే చల్లగా దాచిపెడుతుంది. వరంగల్‌లో ఆ సగటు 27 చుట్టుపక్కల. ఎంత లోతు తవ్వినా మీకు దొరికేది 27 డిగ్రీల అర్రే. గింజలకు అది బాగుంటుంది, పినో న్వార్‌కు కాదు. లక్షలు పోసి నేలమాళిగ కట్టించుకునే ముందు ఈ ఒక్క అంకె చూసుకోండి.

స్లాబు ఇంట్లో సజ్జ, బీరువా పైభాగం అన్నిటికన్నా చెడ్డ చోట్లు. పగలంతా స్లాబు వేడిని మింగి రాత్రంతా కక్కుతుంది. మామూలు ఫ్రిజ్ కొన్నాళ్లకు పరవాలేదు. నాలుగైదు నెలల్లో తాగే సీసాను కూరగాయల డబ్బాలో గుడ్డ చుట్టి పడుకోబెట్టవచ్చు. ఏళ్ల తరబడి మాత్రం వద్దు. 4 డిగ్రీల్లో వైన్ ఎదగదు, ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లో పొడిగాలి కార్కును ఎండగడుతుంది, పక్కనే మామిడి ఆవకాయ ఉంటే ఆ వాసన సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి మాత్రమే ఏసీ నడిచే పడకగది ఇంకా మోసం. రోజూ 24 నుంచి 34 దాకా ఎక్కి దిగడం వల్ల కార్కు పిస్టన్‌లా ఆడుతుంది. దానికన్నా కదలకుండా 22 ఉన్న చోటు నయం.

కాబట్టి ఐదారు సీసాలకు మించి, రెండేళ్లకు మించి దాచాలనుకుంటే వైన్ కూలర్ కొనక తప్పదు. అక్కడా డబ్బు నష్టపోయే చోట్లు రెండున్నాయి.

మొదటిది యంత్రం రకం. చిన్న కూలర్లలో కొన్ని కంప్రెసర్ లేకుండా పెల్టియే పలకతో (కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పలక) చల్లబరుస్తాయి. చప్పుడు ఉండదు, ధర తక్కువ. కానీ అవి బయటి గాలి కన్నా 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. గది 40 ఉంటే లోపల 20, 25. సరిగ్గా ఎప్పుడు కావాలో అప్పుడే చేతులెత్తేస్తుంది. కంప్రెసర్ ఉన్నదే తీసుకోండి. కంప్రెసర్ కూలర్లకూ వాతావరణ తరగతి అని ఒకటి ఉంటుంది, వెనక పలక మీద అక్షరాల్లో రాసి ఉంటుంది. ‘ఎన్’ అంటే 32 డిగ్రీల గది దాకా, ‘ఎస్‌టీ’ అంటే 38 దాకా, ‘టీ’ అంటే 43 దాకా పనిచేసేలా తయారైంది. మనకు ‘టీ’ కావాలి. కొనేటప్పుడు అమ్మేవాళ్లను పలక చూపించమనండి.

రెండోది లెక్క. పెట్టె మీద 24 సీసాలు అని రాసి ఉంటుంది. ఆ లెక్క సన్నటి, నిటారు భుజాలున్న బోర్దో (ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతం) సీసాలది. బర్గండీ సీసా భుజం జారుగా, నడుం లావుగా, 8 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. అవి 24 పట్టేచోట 18 దాటించడం కష్టం. బలవంతంగా తోస్తే లేబుళ్లు గీరుకుపోతాయి, తలుపు రబ్బరు సరిగ్గా మూసుకోదు.

కూలర్‌ను ఎండ తగలని లోపలి గోడకు, వెనక జానెడు ఖాళీ వదిలి పెట్టండి. వంటగదిలో వద్దు, పోపు జిడ్డు, దుమ్ము రెండూ కాయిల్‌ను కప్పేస్తాయి. వెనక జాలీని రెండు నెలలకోసారి బ్రష్‌తో దులపండి. స్టెబిలైజర్ తప్పనిసరి. ఇన్వర్టర్ మీద పెట్టాలనుకుంటే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఎందుకంటే కంప్రెసర్ మొదలయ్యే క్షణాన నడిచేటప్పటి కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పోతే భయపడి తలుపు తెరిచి చూడటమే అసలు తప్పు. నిండా సీసాలున్న కూలర్, తలుపు తీయకపోతే, రెండు గంటల కోతను ఓపికగా తట్టుకుంటుంది. సీసాలు తక్కువ ఉంటే ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు పడుకోబెట్టండి. చల్లటి బరువు ఎంత ఎక్కువుంటే వేడెక్కడం అంత ఆలస్యం.

కూలర్ ముందున్న అంకెను నమ్మొద్దు. అది గాలిని కొలుస్తుంది, ఒక మూలదే కొలుస్తుంది. చిన్న నీళ్ల సీసాలో థర్మామీటర్ మునిగేలా పెట్టి నడిమి అరలో ఉంచి ఒక రోజు తర్వాత చూడండి. వైన్ ఎంత చల్లగా ఉందో అదే చెబుతుంది. పై అరకూ కింది అరకూ రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. ఎక్కువ కాలం ఉంచే సీసాలు కిందికి, ఈ ఏడాది తాగేవి పైకి. తేమ కొలిచే మీటరు సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే తేలుతుంది: ఒక సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చుక్కలుగా పోసి, మీటరుతో పాటు గట్టి మూతున్న డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే ఐదు కలుపుకుని చదవండి. ఎండకాలంలో కూలర్ లోపల తేమ 50 కిందికి పడితే గిన్నెలో నీళ్లు పోసి స్పాంజి వేసి పెట్టండి. వానకాలంలో అది తీసేయండి, లేకపోతే లేబుళ్ల మీద బూజు పడుతుంది. ఇష్టమైన సీసాలకు పలుచని ప్లాస్టిక్ పొర చుడితే లేబుల్ బతుకుతుంది.

సీసాలు ఎప్పుడూ పడుకోబెట్టే ఉంచాలి, కార్కు లోపలివైపు తడిగా ఉండాలి కాబట్టి. అట్టపెట్టెలు, చెక్కపెట్టెలు నేల మీద వదిలేయకండి. చెదలు ముందు పెట్టెను, ఆ తర్వాత లేబుల్‌ను తింటాయి. ఒక్క వానకాలం చాలు వాటికి.

ఎన్నాళ్లు ఉంచాలి

13, 14 డిగ్రీల్లో దాచిన సీసాలకు మోటు లెక్క ఇది. బూర్గోఞ్ స్థాయి: పంట ఏడాది నుంచి 2 నుంచి 5 ఏళ్లు. గ్రామ స్థాయి: 5 నుంచి 10. ప్రీమియే క్రూ: 8 నుంచి 15. గ్రాఁ క్రూ: 12 నుంచి 25, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీ చోటు 20 డిగ్రీల దగ్గరుంటే వీటిని సగం చేసుకోండి. ఏళ్లు తగ్గడమే కాదు, ఎదిగే తీరు కూడా మారుతుంది. నెమ్మదిగా మాగిన మామిడికీ కార్బైడ్ వేసిన మామిడికీ ఉన్నంత తేడా.

ఏడాది కూడా చూడాలి. 2005, 2010 దీర్ఘకాలం నిలిచేవి. 2015, 2019, 2020 ఎండ బాగా తగిలిన, పండు నిండుగా ఉన్న సంవత్సరాలు. 2017 మెత్తనిది, తొందరగా తాగవచ్చు. 2021 ఏప్రిల్‌లో మంచు దెబ్బ తగిలి పంట తగ్గింది, వైన్లు తేలికగా వచ్చాయి. వాటిని పదేళ్లు దాచాలని చూడొద్దు.

ఇంకో ఇబ్బంది. బర్గండీ నాలుగైదేళ్ల వయసులో ముడుచుకుపోతుంది. చిన్నప్పటి పండు వాసన పోయి, ముదిమి వాసనలు ఇంకా రాక, మూగగా ఉంటుంది. సీసా పాడైందనుకుని మిగతావి అమ్మేయకండి. అందుకే ఒక్కటి కాకుండా ఒకే రకం మూడు సీసాలు కొనమంటాం: ఒకటి ఇప్పుడు, ఒకటి ఆరేళ్లకు, ఒకటి పన్నెండేళ్లకు. నోటుబుక్కులో ఒక పేజీ పెట్టి వచ్చిన తేదీ, ధర, అర నంబరు, తెరిచిన తేదీ రాయండి. సీసాల్ని కదపకుండానే ఏది ఎక్కడుందో తెలుస్తుంది.

తెరవడం, చల్లదనం

పదేళ్లు దాటిన సీసాను తాగే రోజుకు రెండు రోజుల ముందే నిలబెట్టండి. పినో న్వార్ మడ్డి పిండిలా సన్నగా ఉంటుంది, దిగడానికి టైము పడుతుంది. లేతదైతే నేరుగా తీయొచ్చు.

వడ్డించే ఉష్ణోగ్రత 14 నుంచి 16. ‘గది వేడిమిలో ఎర్ర వైన్’ అన్నమాట యూరప్ రాతి ఇళ్ల గదులను చూసి పుట్టింది. మన 34 డిగ్రీల గదిలో పోస్తే సారా వాసన ముక్కుకు కొడుతుంది, పండు కనిపించదు. గదిలో ఉన్న సీసాను 15కు తేవాలంటే ఫ్రిజ్‌లో సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు, లేదా సగం ఐసు సగం నీళ్లున్న బకెట్‌లో 15 నుంచి 20 నిమిషాలు. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే గాలి సందుల వల్ల నెమ్మదిగా చల్లబడుతుంది, నీళ్లు పోయండి. ఎండకాలంలో 13 దగ్గరే బయటికి తీయండి. గ్లాసులో పది నిమిషాల్లో అదే ఎక్కుతుంది. కొంచెం కొంచెంగా, 60 నుంచి 75 మిల్లీలీటర్లు మాత్రమే పోసి, సీసాను చల్లటి నీళ్ల గిన్నెలో నిలబెట్టండి.

రేకును పెదవి కింద కోసి, నోరు తడిగుడ్డతో తుడవండి. స్క్రూ నడిమధ్యలో దింపి చివరి చుట్టు వదిలేయండి, కార్కు అడుగు చిల్లి పడితే ముక్కలు వైన్‌లో రాలతాయి. ఇరవై ఏళ్లు దాటిన కార్కు మెత్తబడి ఉంటుంది. దానికి రెండు పలుచని రేకులు కార్కు పక్కనుంచి దింపి తిప్పుతూ లాగే ఓపెనర్ వాడండి. అయినా విరిగితే కంగారు పడక మిగిలిన ముక్కను లోపలికి తోసి, స్టీలు టీ వడపోతలో ఉత్త నీళ్లతో తడిపిన మల్లు గుడ్డ వేసి వడకట్టండి. గుడ్డకు సబ్బు వాసన ఉండకూడదు.

పాత సీసాను జగ్గులోకి ఒంపేటప్పుడు మెడ కింద ఫోన్ టార్చ్ వెలిగించి, ఆపకుండా ఒకే ధారగా పోయండి. మబ్బు తీగలా మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి. అడుగున 40, 50 మిల్లీలీటర్లు వదులుకోక తప్పదు. ఒంపిన వెంటనే తాగాలి. ముసలి బర్గండీ జగ్గులో గంట ఉంటే వాసన ఆవిరైపోతుంది. ముడుచుకున్న కుర్ర వైన్‌కు మాత్రం జగ్గులో అరగంట, గంట మేలు చేస్తుంది.

రుచి చూడటం

అర్ధగంట ముందు నుంచే గదిలో అగరుబత్తి, దోమల చుట్ట, ఫినాయిల్ వద్దు. తలలో మల్లెపూలు ఉన్నా బర్గండీ ఓడిపోతుంది. గ్లాసు పెద్ద పొట్ట, సన్నటి మూతి ఉన్నది కావాలి. కలరా ఉండలున్న బీరువాలో దాచిన గ్లాసు మూడుసార్లు వేడినీళ్లతో కడిగినా ఆ వాసన వదలదు, ముందే వేరే చోట పెట్టుకోండి.

తెల్లకాగితం మీద గ్లాసు వంచి అంచు చూడండి. కుర్రదైతే అంచు దాకా దానిమ్మ రసం రంగు. వయసు పెరిగేకొద్దీ అంచు ఇటుక రంగుకు, ఆ తర్వాత నారింజకు మారుతుంది. ఐదేళ్ల సీసాలోనే అంచు గోధుమరంగు తిరిగిందంటే వేడి తిన్నదని అనుమానించండి.

ముందు కదపకుండా వాసన చూడండి, తర్వాత గ్లాసును బల్ల మీదే నాలుగైదుసార్లు తిప్పి మళ్లీ చూడండి. పుస్తకాల్లో ఉండే చెర్రీ, రాస్ప్‌బెర్రీ మనకు అలవాటు లేని పళ్లు. బేకరీ కేకు మీది చెర్రీ చాలాసార్లు చక్కెర పాకంలో ఊరి రంగు పూసుకున్న వాక్కాయ, దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఏదీ దొరకదు. మనకు తెలిసిన వాసనలతోనే వెతకండి. కుర్ర బర్గండీలో దానిమ్మ గింజ, అప్పుడే కోసిన నేరేడు, ఎండిన గులాబీ రేకు, వైన్‌ను ఉంచిన ఓక్ చెక్క పీపా నుంచి వచ్చిన లవంగం, దాల్చినచెక్క. పదేళ్లు దాటాక తొలకరి మట్టి, వానకాలపు పుట్టగొడుగు, తోలు, ఇంకా బీడీలు చుట్టడానికి రాత్రంతా నానబెట్టిన తునికాకు కట్ట విప్పినప్పుడు వచ్చే ఆ తడి ఆకు వాసన. ఫ్రెంచివాళ్లు అడవి అడుగు వాసన అని పిలిచేది దాదాపు ఇదే. ఉత్తర తెలంగాణలో పెరిగిన ముక్కుకు దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు.

తర్వాత ఒక చిన్న గుక్క, చెంచాడు రెండు చెంచాలు. నోరంతా తిప్పి, పెదవుల మధ్య నుంచి కాస్త గాలి లాగి, పది సెకన్లు ఉంచండి. పులుపు ఎంతో తెలియాలంటే మింగాక తల కొంచెం వంచండి, నాలుక కింద నీరు ఊరే వేగం చూడండి. వగరు చిగుళ్ల మీద తెలుస్తుంది. నేరేడు తిన్నాక నాలుక పట్టేసినట్టు గరుకుగా ఉంటే ఇంకా దాచాలి. పలుచని పట్టు గుడ్డలా జారితే సమయం వచ్చింది. మింగిన తర్వాత రుచి ఎన్ని సెకన్లు నిలుస్తుందో లెక్కపెట్టండి. పది లోపే అయితే మామూలుది, ముప్పై దాటితే చాలా మంచి సీసా దొరికింది. నాలుగైదు రకాలు వరసగా చూస్తుంటే ఉమ్మేయడమే పద్ధతి. లేకపోతే మూడో గ్లాసు నుంచి మీ తీర్పు పనికిరాదు.

పోసిన వెంటనే, అరగంటకు, గంటన్నరకు మూడుసార్లు రాసుకోండి. పినో న్వార్ గ్లాసులో మారినంతగా మరే ఎర్ర వైనూ మారదు. ఇందులో సగం ఆనందం ఆ మార్పులోనే ఉంది.

వాసన తేడాగా ఉంటే

నానిన అట్టపెట్టె, తడిసి ఆరని గోనెసంచి వాసన వస్తే అది కార్కు దోషం. గాలి తగిలేకొద్దీ పెరుగుతుంది, మందు లేదు. దుకాణం తిరిగి తీసుకుంటుందేమో అడగండి, సీసాలో మిగిలింది పారబోయకుండా చూపించండి. అగ్గిపుల్ల గీసిన వాసన, కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి అందక వచ్చింది. జగ్గులోకి ఒంపి గట్టిగా తిప్పితే పావుగంటలో పోతుంది. పశువుల కొట్టం వాసన కొంచెమైతే కొందరికి ఇష్టం, పండును కప్పేస్తే దోషమే. గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తే పులిసే దారి పట్టింది. ఎండు ఖర్జూరం, ఉడికించిన జామ్ వాసన వచ్చి, తాజా పులుపు లేకుండా చప్పగా ఉంటే వేడి దెబ్బ. మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఇదే. సీసా రంగు బాగానే ఉంటుంది, తాగినవాళ్లు ‘బర్గండీ అంటే ఇంతేనా’ అనుకుని వదిలేస్తారు. అది వైన్ తప్పు కాదు, దారిలో ఎవరో ఎండలో పెట్టారు.

పక్కన ఏం తినాలి

కారం ఆల్కహాల్ మంటను పెంచుతుంది, వగరును చేదుగా మారుస్తుంది. మన మామూలు మటన్ కూరతో తాగితే కూరా, వైనూ రెండూ నష్టపోతాయి. రంగు కావాలి, కారం వద్దు అనుకుంటే వరంగల్ చపాటా మిర్చి ఉంది కదా, రంగు నిండుగా, ఘాటు తక్కువ. దానితో, చింతపండు లేకుండా, కొంచెం మిరియాలతో నాటుకోడి వండితే బాగా కుదురుతుంది. వానకాలంలో పుట్టగొడుగులు నెయ్యిలో వేయించి ఉప్పు మాత్రమే వేయండి, పాత సీసాకు అంతకన్నా మంచి జోడీ లేదు. మధ్యమధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి ఉత్త జొన్నరొట్టె ముక్క. సకినాలు బల్ల మీద పెట్టకండి, వాము వాసన పది నిమిషాలు నాలుకను వదలదు.

సీసా మొత్తం అవదని ముందే తెలిస్తే, తెరవగానే సగాన్ని శుభ్రమైన 375 మిల్లీలీటర్ల సీసాలోకి మూతి అంచుదాకా నింపి, గాలి లేకుండా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. కుర్ర వైన్ మూడు నాలుగు రోజులు నిలుస్తుంది, ముసలిది మర్నాటికే అయిపోవాలి. మర్నాడు తాగే ముందు బయట ఇరవై నిమిషాలు ఉంచి, ముందు రోజు రాసుకున్నదాని పక్కనే మళ్లీ రాయండి. రెండో రోజు ఇంకా బాగుంటే అదే రకం మిగతా సీసాలను కింది అరలోకి దించండి. చప్పబడితే పై అరలోకి ఎక్కించి, ఈ చలికాలంలోనే తెరవండి.